తెలిసిన ముఖం

“ఆ గౌను పెట్టకండి. పాపకి పొట్టిదైపోయింది,” అంది వదిన.

అన్న వినిపించుకోలేదు. గౌను మడిచి సంచిలో కుక్కాడు.

“పొట్టిదైతే అక్క కొత్తది కుట్టిస్తుంది. నువ్వేం దిగులుపడకు.”

“అక్కయ్య కుట్టించడమెందుకు? నేను కుట్టి పంపనా?”

“కుట్టు. కుట్టి ఎవరి పిల్లకి తొడుగుతావో, అదే నా భయం.”

గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. వదిన చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి, సూది కింద సగం కుట్టిన గుడ్డకేసి చూస్తూ ఉండిపోయింది.

వంటింటి గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడిన చిట్టికి ఆ టీ చేదుగా తగిలింది. బడి గేటు దగ్గర ఆ ఘోరం జరిగినప్పటినుంచీ ఈ ఇంట్లో మాటలన్నీ ఇలాగే నడుస్తున్నాయి. అన్న ఒక మాట విసురుతాడు. వదిన దాన్ని పట్టుకుని మౌనంగా పక్కన పెట్టుకుంటుంది. తిరిగి విసరదు. అదే చిట్టికి ఎక్కువ బాధగా ఉంది.

“అన్నయ్యా, ఇవాళ హాస్పిటల్‌కి వస్తానన్నావు,” అంది చిట్టి.

“వస్తాను. రానని ఎవరన్నారు? వచ్చాక సాయంత్రం బస్సుకి పాపని తీసుకుని అక్క ఊరెళ్తాను.”

“వదిన మెదడు రికార్డింగులో ఏం తేలుతుందో చూడకుండానే సంచి సర్దేస్తే ఎలా?”

“ఏం తేలుతుంది చిట్టీ?” అన్న సంచి వదిలేసి లేచాడు. “కళ్ళజోళ్ళ షాపు వాణ్ణి నేను. ఈమె జ్వరం తగ్గి ఇంటికొచ్చినప్పుడు నేనే కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. బోర్డు మీద అడుగు వరుస కూడా గడగడా చదివింది. సందేహమొచ్చి మళ్ళీ చూశాను, మళ్ళీ చదివింది. మనమంతా కళ్ళు చికిలించినా ఎక్కని దారం సూదిలో ఒక్క విసురున ఎక్కిస్తుంది. అంత చూపున్న మనిషి కన్నకూతుర్ని పోల్చుకోలేదంటే అది కంటి లోపం కాదు. ధ్యాస లోపం.”

“కనపడలేదని నేననలేదు,” అంది వదిన, తల తిప్పకుండానే. “కనపడుతుంది. కళ్ళు కనపడతాయి, ముక్కు కనపడుతుంది, నవ్వితే పళ్ళు కనపడతాయి. అన్నీ కలిపితే ఎవరన్నది మాత్రం తెలియదు.”

“మరి ఏడాదిగా నాకెందుకు చెప్పలేదు?”

వదిన మిషన్ చక్రం మళ్ళీ తిప్పింది. ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా అంతే.

జ్వరం మెదడుకెక్కి వదిన చావు అంచుదాకా వెళ్ళి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. వచ్చిన మనిషి ముఖాలన్నీ అక్కడే వదిలేసి వచ్చిందని మాత్రం గేటు గొడవ దాకా ఎవరికీ తెలియదు. గొంతును బట్టి, నడకను బట్టి, కట్టిన బట్టను బట్టి మనుషుల్ని పోల్చుకుంటూ నెట్టుకొచ్చింది. బడిలో పిల్లలందరిదీ ఒకటే యూనిఫాం కాబట్టి, పాప స్వెట్టర్‌కి పసుపుపచ్చ జేబు ఒకటి కుట్టింది. ఎంత ముద్దుగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ జేబు ఎందుకో ఎవరూ అడగలేదు.

ఆ రోజు పాప స్వెట్టర్ స్నేహితురాలి ఒంటి మీద ఉంది. వదిన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయలుదేరింది. సగం దారిలో పిల్ల నోరు విప్పాక గొంతు పోల్చుకుని, గుండెలు బాదుకుంటూ వెనక్కి పరిగెత్తింది. అప్పటికే ఆ పిల్ల తల్లి గేటు దగ్గర నానా రభసా చేస్తోంది. షాపు నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చిన అన్నకు వాచ్‌మన్ స్టూలు మీద పాప కూర్చుని కనిపించింది. ఏడవడం లేదు.

“అమ్మ నా పక్కనుంచే వెళ్ళిపోయింది నాన్నా,” అని మాత్రం చెప్పింది.

ఆ మాట అన్న గుండెలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. అప్పటినుంచి ఆయన మామూలు మనిషి కాలేదు.

“సరే,” అన్నాడు ఇప్పుడు, గోడకు జారబడి. “పాప ఫొటో చూసి ఈమె మెదడు గుర్తుపట్టిందని మీ హాస్పిటల్ మిషన్ చెబితే, ఈ సంచి నేనే విప్పుతాను. లేదంటే మాత్రం ఇంకెవరూ నాకు అడ్డు రావద్దు.”

“ఒప్పుకున్నాను,” అంది వదిన, ఎవరూ అడక్కముందే.

లోపలి గదినుంచి పాప వచ్చింది. ఒంటిమీద యూనిఫాం ఉంది. బడి మానిపించినా, తక్కిన బట్టలన్నీ సంచిలోకి వెళ్ళిపోయి అదొక్కటే మిగిలింది. పెద్దత్త ఊరి బడిలో అది పనికిరాదు.

“అమ్మా, నేను,” అంది గుమ్మంలోనే.

“రా తల్లీ,” అంది వదిన.

గదిలో అడుగుపెట్టినప్పుడల్లా ఆ రెండు మాటలూ చెప్పడం పాపకి ఎప్పుడు అలవాటయిందో చిట్టికి ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

* * *

రికార్డింగు గదికి కిటికీలు లేవు. బయటి రొద లోపలికి రాకుండా మందపాటి తలుపు. ఒక కుర్చీ, ఎదురుగా ఒక తెర. చిట్టి అక్కడ టెక్నీషియన్‌గా చేరాక ఎందరి తలలకో, మెదడు కదలికల్ని గీతలుగా పట్టే ఆ వైర్ల టోపీ తొడిగింది. సొంతవాళ్ళ తల ముట్టుకోవడం ఇదే మొదలు. నరాల డాక్టరమ్మ ముందు వద్దంది. ఆ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేక, సరేనంది.

“చల్లగా తగులుతుంది వదినా,” అంటూ జుట్టు పాయలు తీసి, టోపీలోని ఒక్కొక్క బొత్తాం కిందా జెల్ పూయడం మొదలుపెట్టింది.

“నీకు జడలు వేసినన్నాళ్ళూ తల తిప్పితే మొట్టికాయ వేసేదాన్ని,” అంది వదిన. “ఇవాళ నీ వంతు. వేసేయ్.”

చిట్టి నవ్వబోయింది. నవ్వలేక ఇంకో పాయ తీసింది. వదిన ఈ ఇంట్లో కాలుపెట్టేనాటికి తను బళ్ళో చదువుతోంది. తల దువ్వించింది వదిన, ఫీజు కట్టించింది వదిన, ఈ కోర్సులో చేరతానంటే అన్నను ఒప్పించింది వదిన.

“మీ అన్నయ్యతో పడ్డ అవస్థ చెబితే నవ్వుతావు,” అంది వదిన మళ్ళీ. “షాపుకి కొత్త ఫ్రేము వచ్చిందంటే ముందు తనే పెట్టుకోవాలి. నెలకో ముఖం. ఆయన గొంతు వినపడేదాకా ఎవరో కొత్తాయన లోపలికి వచ్చేశాడని గుండె దడదడలాడేది.”

“నవ్వడం లేదు వదినా.”

“నవ్వు. ఎవరో ఒకరు నవ్వాలిగా.”

చెవి వెనక బొత్తాం సరిగా అంటుకోలేదు. చిట్టి మళ్ళీ అద్దింది.

“ఇందులో నేనేం చెప్పాలి?”

“ఏమీ చెప్పక్కర్లేదు. ఫొటోలు వస్తుంటాయి. తెలిసినదైతే చేతిలో ఉన్న ఈ బటన్ నొక్కు. తెలియకపోతే ఊరుకో. దవడ బిగించకు. ఫొటో ఉన్నంతసేపూ రెప్ప వాల్చకు.”

“నాకు తెలియదని నేను ఊరుకున్నా, లోపల తెలిస్తే మీ గీతలో కనపడుతుందా?”

“కనపడొచ్చు వదినా.”

“కనపడకపోతే?”

చిట్టి వదిన గడ్డం కింద పట్టీ బిగించింది. మరీ బిగుతయిందేమోనని వేలుపెట్టి చూసింది. తలుపు వేసి బయటికి వచ్చింది.

పక్క గదిలో అన్న అప్పటికే కుర్చీ లాక్కుని మానిటర్ ముందు కూర్చున్నాడు. తెర నిండా గీతలు వణుకుతూ పారుతున్నాయి. ఫొటోలు మొదలయ్యాయి. కత్తెర. ఎవరిదో స్టూలు. ఇంట్లోని సొట్టపడ్డ గ్లాసు. ఎవరో పిల్ల ముఖం. పాప ముఖం. మళ్ళీ కత్తెర. ముఖాలకి జుట్టు, చెవులు, బట్టలు ఏవీ కనపడకుండా చుట్టూ కత్తిరించి పెట్టింది చిట్టి.

“ఏదీ? పాప ఫొటో వచ్చిందిగా. ఏ గీత లేచింది?”

“ఇప్పుడేమీ తెలియదన్నయ్యా. పెద్ద గుంపులో ఒక మనిషి పిలిచాడనుకో, ఆ రొదలో మనకి వినపడదు. అదే మనిషి అదే మాట మళ్ళీ మళ్ళీ పిలిస్తే, ఆ పిలుపులన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే, రొద పోయి పిలుపు మిగులుతుంది. ఇదీ అంతే. ప్రతి ఫొటో ఎన్నోసార్లు వస్తుంది. ఆఖర్న అన్నీ కలిపి సగటు తీస్తాం.”

వదిన బటన్ నొక్కినప్పుడల్లా మానిటర్ మూలన ఒక పచ్చ చుక్క వెలుగుతోంది. కత్తెరకి వెలిగింది. గ్లాసుకి వెలిగింది. పాప టిఫిన్ డబ్బాకి ఠక్కున వెలిగింది. ఎవరిదో స్టూలుకి వెలగలేదు.

పాప ముఖానికి వెలగలేదు.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెలగలేదు. అన్న ప్రతిసారీ ముందుకు వంగి ఆ మూలకే చూస్తున్నాడు. కొంతసేపటికి చూడటం మానేశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అద్దాలకి గీతలు పడతాయని, చొక్కాతో తుడిచే వాళ్ళని షాపులో నిలబెట్టి కడిగేసే మనిషి.

ఉన్నట్టుండి గీతల్లో ఒక కొండలాంటిది ఎగిసి పడింది. చిట్టి దాని పక్కన గుర్తు పెట్టుకుంది.

“అదేంటి?”

“వదిన రెప్ప వాల్చింది. అలాంటివి లెక్కలోంచి తీసేస్తాం.”

తెరమీద ఏ ఫొటో ఉన్నప్పుడు ఆ రెప్ప వాలిందో చిట్టి చూసింది. 

* * *

డాక్టరమ్మ కాగితం బల్లమీద పరిచింది. వదిన జెల్ జుట్టుకి తువ్వాలు చుట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

“ఈ నల్లగీత ముక్కూమొహం తెలియని పిల్లల ఫొటోలది. ఎర్రగీత మీ పాపది. చూడండి, మొదట్లో రెండూ కలిసే నడిచాయి. ఇది మనిషి ముఖం అని మెదడు పోల్చుకునే చోటు అది. అక్కడ తేడా ఉండదు. ఆ తర్వాత, సెకనులో మూడోవంతు గడిచేసరికి, ఇదిగో, ఇక్కడ విడిపోయాయి.”

ఎర్రగీత నల్లదాన్ని వదిలి పైకి లేచింది. పెద్ద ఎత్తేమీ కాదు. పడుకున్న పిల్ల దుప్పటిలో మోకాలు మడిచినంత.

“అంటే?” అన్నాడు అన్న.

“తెలిసిన ముఖం అన్న కబురు లోపలికి చేరుతోంది. ఆ కబురు ఈమెకి మాత్రం అందడం లేదు. జ్వరం దెబ్బతీసిన చోట ఎక్కడో ఆగిపోతోంది. బటన్ నొక్కకపోవడం నటనా కాదు, అశ్రద్ధా కాదు. నిజంగానే ఈమెకి తెలియదు.”

“కబురు అందేటట్టు చెయ్యలేరా?”

“మాటివ్వలేను. సాధనతో కొందరికి కాస్త మెరుగవుతుంది. చాలామందికి ముఖాలు తిరిగి రావు. ఈ ఒక్క రికార్డింగు చూసి పెద్ద పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి. ఇంకోసారి చేద్దాం.”

అన్నకి ఆఖరి మాటలు చెవికెక్కలేదు. కాగితం దగ్గరికి లాక్కుని, గీతలు విడిపోయిన చోట వేలు ఆనించాడు.

“విన్నావా? తెలుసట. నీకు పాప తెలుసట.” ఆయన వదినవైపు తిరిగాడు. “నేనిన్ని రోజులూ నిన్ను...”

వదిన ఆ వేలు కింద ఉన్న గీతను చాలాసేపు చూసింది.

“ఎంత చిన్నగా ఉంది,” అంది.

ఆమె తల కడుక్కోవడానికి వెళ్ళాక, వరండాలో అన్న చిట్టి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఏదో అడగాలని, అడగలేక, గోడమీద బాణం గుర్తులు చదివాడు. 

“నా ఫొటో కూడా పెట్టావుగా.”

“పెట్టాను.”

“మరి నాది లేచిందా?”

చిట్టి తల దించుకుంది. “నీది లెక్కకు రాలేదన్నయ్యా.”

“లెక్కకు రాకపోవడమేంటి?”

“నీ ముఖం వచ్చిన ప్రతిసారీ దాదాపుగా వదిన రెప్ప వాల్చింది. అవన్నీ తీసేస్తే ఇంకేమీ మిగల్లేదు.”

అన్న కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“తెలిసి వాల్చిందా? తెలియకా?”

“ఆ సంగతి ఈ మిషన్ చెప్పదు.”

“ఎవరి ముఖమో తెలియని మనిషి, నా ఫొటోకే ఎందుకు కళ్ళు మూసుకుంటుంది చిట్టీ?”

తడి జుట్టు విదుల్చుకుంటూ వదిన ఆ వైపే వస్తోంది. దూరంనుంచి ఇద్దర్నీ చూసి, ఎవరో పోల్చుకోలేక ఆగింది. అన్న పెద్దగా దగ్గాడు. ఆ దగ్గు విని నడిచి వచ్చింది.

* * *

పాప పక్కింటి మెట్లమీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కింటి పిన్నిగారు లోపల ఫోనులో మాట్లాడుతోంది. చిట్టి వెళ్ళి పక్కన కూలబడింది.

“సంచి విప్పేస్తాడు మీ నాన్న. నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు.”

“గీత లేచిందా అత్తా?”

“లేచింది. నీ ఫొటోకి లేచింది. ఇంకే పిల్ల ఫొటోకీ లేవలేదు.”

పాప ఎగిరి గంతేస్తుందనుకుంది చిట్టి. ఆ పిల్ల మోకాళ్ళమీద గడ్డం ఆనించి ఆలోచనలో పడింది.

“అయితే ఆ రోజు గేటు దగ్గర కూడా లేచి ఉంటుందా?”

“లేచే ఉంటుంది తల్లీ.”

“లేచినా నన్ను తీసుకెళ్ళలేదు.”

 చిట్టి ఊరికే పాప రిబ్బను ముడి విప్పి మళ్ళీ వేసింది. పాప ఆ ముడి పూర్తయ్యేదాకా ఆగి, ఎటో చూస్తూ మొదలుపెట్టింది.

“అత్తా, స్వెట్టర్ నేనే ఇచ్చాను దానికి.”

“ఎవరికి?”

“మా ఫ్రెండుకి. చలేసి కాదు. నేనే వేసుకోమన్నా. మాట్లాడితే ఓడిపోయినట్టు అని చెప్పా. నేను కూడా మాట్లాడలేదు.”

“ఎందుకమ్మా?”

“అమ్మకి ముఖాలు తెలియవుగా. హాస్పిటల్లో మంచం మీద ఉన్నప్పుడు నన్ను చూసి, ఎవరి పాప, బాగుంది అంది. అప్పట్నుంచి నాకు తెలుసు. నేనెవ్వరికీ చెప్పలేదు. నేను అమ్మకి జేబు చూపిస్తా, లేకపోతే నేను అని చెప్తా. అప్పుడు తెలిసిపోతుంది.” పాప మెట్టుమీద గోటితో గీస్తోంది. “కానీ నేను అమ్మ పాపని కదా. జేబు లేకపోయినా తెలుస్తానేమో అనుకున్నా.”

చిట్టి ఆ గీసే చేతిని పట్టుకుంది.

“అమ్మ వచ్చింది. నన్ను చూసింది అత్తా. ఇంత దగ్గరగా. చూసి, కొంచెం జరుగమ్మా అంది. నేను జరిగా. దాని చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.”

చిట్టి పాపను దగ్గరికి తీసుకుంది. పాప ఒదిగింది గాని ఏడవలేదు.

“అమ్మకి చెప్పకు అత్తా. చెబితే ఏడుస్తుంది. నాన్నకి కూడా వద్దు.”

“చెప్పను.”

“నువ్వు ఇంటికెళ్ళు. నేను తర్వాత వస్తా.”

ఇంత పిల్ల ఏడాదిపాటు ఒక్కతే మోసిన బరువులో సగం ఇప్పుడు చిట్టి నెత్తిమీద ఉంది. 

* * *

ఇంట్లో అన్న సంచి మంచం మీద బోర్లించాడు. గౌన్లన్నీ ఒక్కొక్కటిగా అలమరలో పెడుతున్నాడు. పొట్టి గౌను చేతికొస్తే దాన్ని వదిన ఒళ్ళో పడేశాడు.

“ఇది పొట్టిదైందన్నావుగా. కింద కుచ్చు వేసి పొడుగు చెయ్యి. ఇంకో సంగతి. నా ఫ్రేముల గోల చిట్టి చెప్పింది. ఈ ఫ్రేము చూశావా? చచ్చేదాకా ఇదే పెట్టుకుంటాను. షాపుకి బంగారు ఫ్రేము వచ్చినా ముట్టుకోను.”

వదిన గౌను పక్కన పెట్టింది. కుట్టుమిషన్ మీద పాత దుప్పటి కప్పి, చుట్టూ తాడు కట్టడం మొదలుపెట్టింది. మంచం పక్కన చీరలు నాలుగు మూటగట్టి ఉన్నాయి. అవి ఎప్పుడు కట్టిందో ఎవరూ చూడలేదు.

“ఇదేంటి?” అన్నాడు అన్న.

“పాప ఎక్కడికీ వెళ్ళదు. బడి మారదు, ఇల్లు మారదు. నేను వెళ్తాను. నా దగ్గర కుట్టుపని నేర్చుకున్నావిడ షాపు వెనక గది ఖాళీగా ఉందట. అడిగాను, రమ్మంది.”

“మతిపోయిందా నీకు? గీత లేచిందని డాక్టరమ్మ చెప్పలా?”

“చెప్పింది. మీ మిషన్ పెట్టిన పరీక్షలో నెగ్గాను.” వదిన తాడు ముడి బిగించింది. “నా కూతురు పెట్టిన పరీక్షలో ఓడిపోయాను.”

చిట్టి గుమ్మం పట్టుకుంది.

“ఏం పరీక్ష?” అన్నాడు అన్న.

“ఆ రోజు ఆ పిల్ల సగం దారిలో నోరు విప్పిందన్నానుగా. ఏమందో మీరెవరూ అడగలేదు. ఆంటీ, మాట్లాడితే ఓడిపోయినట్టని మీ పాప చెప్పింది, ఇప్పుడు మాట్లాడొచ్చా, అని అడిగింది. నేను జేబు కుట్టిన స్వెట్టర్ దాని ఒంటిమీదకి ఎలా వచ్చిందో నాకు నడిరోడ్డుమీదే అర్థమైపోయింది.”

అన్న మంచం మీద కూలబడ్డాడు. 

“నాకొక్క మాట చెబితే ఏం పోయేది? నోటికొచ్చినట్టల్లా అన్నాను నిన్ను. అన్నీ పడి ఊరుకున్నావు.”

“చెబితే దాన్ని అనేవారు.”

వీధిలోంచి బడి విడిచిన పిల్లల కేకలు వినపడుతున్నాయి. ఎక్కడో సైకిలు బెల్లు మోగింది.

“వదినా,” అంది చిట్టి. “నువ్వు వెళ్ళిపోతే తనవల్లే వెళ్ళావనుకుంటుంది పాప.”

“ఎందుకనుకుంటుంది? నాకు తెలుసని దానికి తెలియదుగా. మీరు చెప్పకండి. పని దొరికింది, వెళ్ళిందనండి.” వదిన తాడు ఇంకో చుట్టు తిప్పింది. “ఏడేళ్ళ పిల్ల చిట్టీ. గదిలోకొచ్చినప్పుడల్లా కన్నతల్లికి తనెవరో చెప్పుకుంటోంది. అడుగడుగునా నాకు కాపలా కాస్తోంది. ఒక్కరోజు, ఒకే ఒక్క రోజు కాపలా మాని చూసింది, అమ్మ తనంతట తాను పట్టుకుంటుందేమోనని. నేను దాన్ని కొంచెం జరగమన్నాను. ఆ జరగమన్న పిల్లే నా పిల్లని నాకు ఎప్పుడు తెలిసిందో తెలుసా? ఇంటికొచ్చాక, గేటు దగ్గర ఉన్న పిల్లల్ని ఒక్కొక్కర్నీ తలుచుకుంటే తెలిసింది. నోరు మెదపకుండా నావంక అలా చూసింది అదొక్కతే.”

అన్న తలెత్తాడు. ఏదో అనబోయాడు. ఆయన చూపు వదిన భుజం మీదుగా గుమ్మంవైపు వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

చిట్టి వెనక్కి తిరిగింది.

పాప నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలియదు. ముఖం పాలిపోయింది.

“నీకు తెలుసా?” అంది పాప.

ఆ గొంతుకి వదిన చటుక్కున తిరిగింది. చేతిలో తాడు జారిపోయింది. “తల్లీ” అంటూ ఒక అడుగు వేసింది. పాప రెండడుగులు వెనక్కి వేసి, గిరుక్కున తిరిగి, మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తింది.

వదిన పమిట కూడా సర్దుకోకుండా వెనకే పరిగెత్తింది. అన్నా, చిట్టీ ఆమె వెనక.

ఇంటి గేటు దగ్గర వదిన ఠక్కున ఆగిపోయింది.

వీధి నిండా పిల్లలే. బడి సంచులు ఊపుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, ఇళ్ళకి పోతున్నారు. అందరివీ అవే తెల్లచొక్కాలు, అవే రిబ్బన్లు, అవే రెండు జడలు.

“పాపా,” అని పిలిచింది వదిన.

ఆ పిలుపుకి చాలామందే తిరిగి చూశారు.

చిట్టి కళ్ళు వెతకనే లేదు. వాలిన చోటే పాప కనపడింది. ఎదురింటి గోడ పక్కన, ఇద్దరు పిల్లల మధ్య, ఊపిరి బిగబట్టి నిలబడింది. పెదవులు గట్టిగా మూసుకుని తల్లివంకే చూస్తోంది.

వదిన గేటు ఊచలు పట్టుకుని ఒక చివరినుంచి మొదలుపెట్టింది. ఒక ముఖం. పక్కన ఇంకో ముఖం. ఆ తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, వదిలి, ముందుకి వెళ్తోంది ఆమె చూపు.

చిట్టి చూపించడానికి చెయ్యెత్తింది.

అన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.